ఫ్రెంచ్ రియాలిటీ షో ‘కో-లాంటా’లో అసలు ఏం జరుగుతుంది? అది అమెరికన్ ‘సర్వైవర్’కు కాపీయా?

కాపీ కాదు. రెండింటికీ మూలం ఒకటే: 1997లో స్వీడన్‌లో వచ్చిన ‘ఎక్స్‌పెడిషన్ రాబిన్‌సన్’. ఫ్రాన్స్‌లో టీఎఫ్1 ఛానల్ 2001లో ‘కో-లాంటా’ మొదలుపెట్టింది. థాయ్‌లాండ్‌లోని ఒక దీవి పేరే షోకి పెట్టారు. 2002 నుంచి డెనీ బ్రోన్యార్ హోస్ట్‌గా ఉన్నారు.

దీవిలో దిగిన పోటీదారులు సాధారణంగా ఎరుపు, పసుపు జట్లుగా విడిపోతారు. నిప్పు రాజేసుకోవాలి, గుడిసె కట్టుకోవాలి, చేపో కొబ్బరికాయో దొరికితే తినాలి. ఇమ్యూనిటీ (ఎలిమినేషన్ నుంచి రక్షణ) కోసం జరిగే పోటీలో ఓడిన జట్టు రాత్రి కౌన్సిల్‌లో ఓటు వేసి తమలో ఒకరిని పంపించేస్తుంది. ఆకలితో నీరసించిపోయినవాళ్ళు ఆ పరుగులూ ఈతలూ ఎలా చేస్తారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాకు బాగా నచ్చేది చివరి ‘స్తంభాల’ పరీక్ష. నీళ్ళలో పాతిన స్తంభాల మీద నిలబడాలి. సమయం గడిచేకొద్దీ కాలు మోపే చోటు తగ్గిపోతుంది. కండబలం కన్నా ఓపిక, బ్యాలెన్స్ ముఖ్యం. చూసేవాళ్ళకే టెన్షన్! చివరిదాకా నిలిచిన వ్యక్తి ఫైనల్లో తన ప్రత్యర్థిని తానే ఎంచుకుంటాడు. అక్కడే అసలు చిక్కు, ఎందుకంటే విజేతను తేల్చేది ఎలిమినేట్ అయినవాళ్ళ ఓట్లు. తాను ఓటేసి పంపినవాళ్ళనే మెప్పించాలి. గెలిస్తే లక్ష యూరోలు.