ముఖం ఆఖరున గీయి

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కార్టూను బొమ్మలు చూశాను. గీతలో ఊపుంది. అయితే ప్రతి బొమ్మా ముఖంతోనే మొదలుపెట్టావని తెలిసిపోతోంది తల్లీ. కళ్లూ ముక్కూ చక్కగా కుదిరాయి, ఒళ్లు మాత్రం గుంజలా నిలబడింది. వ్యంగ్యమంతా మనిషి నిలబడే తీరులోనే ఉంటుంది.

నెహ్రూ బస్టాండులో ఒక గంట కూర్చో. అరచేతిలో పట్టే పుస్తకం, మెత్తగా నల్లగా పడే 2బి పెన్సిలు చాలు. రబ్బరు ఇంట్లోనే వదిలెయ్యి. బస్సొస్తే లేచిపోతారు గనక మనిషికి ఒక్క నిమిషమే. ముందు మెడ నుంచి నడుము దాకా ఒకే గీత, తర్వాత భుజాల వాలు, ఆపైన చేతులు. ముఖం ఆఖరున. ఫోను చూసేవాణ్ణి పట్టి చూడు: గడ్డం ఎదకు ఆనుతుంది, మోచెయ్యి డొక్కకు అతుక్కుపోతుంది, బొటనవేలు ఒక్కటే కదులుతుంది, ఒక కాలి చెప్పు సగం జారి ఉంటుంది. ఆ జారిన చెప్పు గీస్తే చాలు, ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో తెలిసిపోతుంది. పక్కనే ఒక ముసలమ్మ, బోర్డు చదవలేక, ఎవర్నడగాలా అని వరసంతా చూస్తుంటుంది. కార్టూను అక్కడుంది. నవ్వు ఆ వంగిన మెడల మీద పడాలి గానీ ఆవిడ మీద పడకూడదు. చదువు రాకపోవడం, నలుపు, లావు, లేమి, వీటి మీద గీత ఎత్తకు. ఒకరి ముక్కు, ఇంకొకరి చొక్కా కలుపు. దారిన పోయే మనిషిని ఉన్నదున్నట్టు దించెయ్యడం మర్యాద కాదు.

సిరా పని ఇంట్లో. బొమ్మలకని దొరికే దళసరి కాట్రిడ్జ్ కాగితం, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు) ఉన్నది తీసుకో, నోటుపుస్తకం కాగితమైతే సిరా పాకి గీతకు వెంట్రుకలు మొలుస్తాయి. అచ్చయ్యే సైజుకు ఒకటిన్నర రెట్లు గీయి. మాటలు ముందే రాసుకో. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి, బొమ్మ అయ్యాక ఇరికిస్తే రెండు వరసలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అడుగుబొమ్మకు దానికన్నా గట్టిదైన హెచ్‌బి పెన్సిలు వాడు, అదీ తేలిగ్గా. పెన్సిలు మందంగా పడ్డచోట సిరా అంటదు, రబ్బరుతో గట్టిగా రుద్దితే పైగీత కూడా వెలిసిపోతుంది.

సిరాలో ముంచి గీసే కలానికి పెట్టే కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది, సబ్బునీళ్లతో కడిగి తుడువు. మధ్య చిల్లు దాకానే ముంచు. గీత నీవైపు లాగు; ముందుకు తోస్తే మొన కాగితం పీచులో దిగబడి చుక్కలు చిమ్ముతుంది. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు మామూలు ఫౌంటెన్ పెన్నులో పొయ్యకు, ఎండి లోపలంతా పూడుకుపోతుంది. మన ఎండల్లో చెమట ఒక్క చుక్క చాలు బొమ్మ పోవడానికి, అరచేతి కింద చిత్తుకాగితం ఉంచుకో. ఫ్యాను గాలికి పాళీ మీదే సిరా గడ్డకడుతుంది, మధ్యమధ్య తడిగుడ్డతో తుడుస్తుండు. వానాకాలంలో అరగంట ఆగినా నమ్మకు, మూలనున్న గీత మీద వేలితో మెల్లగా రుద్ది చూశాకే రబ్బరు పెట్టు.

ఆ పెళ్లి బొమ్మలో డ్రోను, పందిరి, బంతి భోజనాలు, అన్నీ తీసెయ్యి. నీడకని వేసిన అడ్డగీతలు కూడా సగానికి తగ్గించు, అచ్చుకు చిన్నది చేస్తే మసిముద్ద అయిపోతాయి. ఫొటో కోసం దండ ఎత్తి ఆగిపోయిన పెళ్లికూతురి చేతులు, వాచీ చూసుకుంటున్న పంతులుగారి మణికట్టు ఉంటే సరిపోతుంది. ముఖాలు ఖాళీగా వదిలేసి మళ్లీ గీసి పంపు.

మీ మామయ్య