నైరూప్య చిత్రానికి ముందు

ప్రశ్న: నైరూప్య చిత్రకళకు, అంటే ఏ వస్తువు రూపమూ లేకుండా రంగులు, గీతలతోనే వేసే చిత్రాలకు, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీయే ఆద్యుడని చదివాను. అంతకుముందు అలా వేసినవారు లేరా? మా వాకిట్లో వేసే మెలికల ముగ్గు ఆ కోవలోకి రాదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉన్నారు. కాండిన్‌స్కీ స్వయంగా రాసుకున్నదాని ప్రకారం, మాస్కో ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే చిత్రాన్ని చూసినప్పుడు అది గడ్డివామి అని ఆయన గుర్తుపట్టలేకపోయాడు. కేటలాగు చూశాకే తెలిసింది. అయినా ఆ రంగులు ఆయనను వదలలేదు. అంతకుముందే లండన్‌లో చిత్రకారుడు విస్లర్ రాత్రిపూట బాణసంచాను దాదాపు నల్లని తెరపై రాలే నిప్పురవ్వలుగా చిత్రించగా, విమర్శకుడు రస్కిన్ దానిని జనం ముఖాన రంగు డబ్బా విసరడంగా ఎద్దేవా చేశాడు. విస్లర్ పరువునష్టం దావా వేసి 1878లో గెలిచాడు గానీ, దక్కిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు! జార్జియానా హౌటన్ అనే ఆమె, ఆత్మలే తన చేతిని నడిపిస్తున్నాయని నమ్మి, మెలికలు తిరిగే గీతలతో వేసిన జలవర్ణ చిత్రాలను 1871లోనే లండన్‌లో ప్రదర్శించింది. నా దృష్టిలో అందరికంటే ఆశ్చర్యపరిచేది స్వీడన్‌కు చెందిన హిల్మా అఫ్ క్లింట్: 1907లో మూడు మీటర్లకు మించిన ఎత్తుతో పది చిత్రాలు వేసి, తన మరణానంతరం ఇరవయ్యేళ్ల దాకా వాటిని బయటపెట్టవద్దని కోరింది.

ఇక ముగ్గు సంగతి. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే చేరే ఆ గీత దేనికీ బొమ్మ కాదు కనుక, రూపం మటుకు మీరన్నది నిజమే. అయితే ముగ్గు వేసే చేయి వాకిలిని అలంకరిస్తుందే తప్ప, ఆకారాన్ని వదిలేయాలని పూనుకోదు. పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ మాత్రం పురాణ పాత్రలతో నిండిన కథాచిత్రం. దానిని ఈ లెక్కలో చేర్చలేము.