ఇంట్లో కాలెత్తుతున్న కుక్క: ముందు మూత్రం టెస్ట్, తర్వాతే ట్రైనింగ్

ప్రశ్న: మాది తిరుపతి. ఊరు మారిపోతున్న బంధువుల దగ్గర్నుంచి నాలుగేళ్ళ మగ ల్యాబ్రడార్‌ను రెండు నెలల కిందట తెచ్చుకున్నాం. మాట వింటుంది, పిల్లలతో బాగుంటుంది. కానీ సోఫా మూల, ఫ్రిజ్ పక్కన, గ్యాస్ సిలిండర్ మీద కాలెత్తి కొద్దికొద్దిగా పోస్తోంది. మొన్న పూజగది గడప మీద కూడా పోసింది. తిరిగి పంపించేయమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఈమధ్య మూత్రం కాస్త ఎర్రగా కనిపిస్తే వేడి చేసిందని మజ్జిగ పట్టాం, మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ సగం మాత్ర చొప్పున మూడు రోజులు వేశాం. సాయంత్రం నుంచి నీళ్ళు పెట్టడం మానేశాం. ఈ అలవాటు మాన్పించే స్ప్రే ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: స్ప్రే సంగతి తర్వాత చూద్దాం. మూత్రం ఎర్రగా వచ్చిందన్న విషయం ఉత్తరం చివర్లో రాశారు. మొదట రాయాల్సింది అదే.

హద్దు గుర్తు పెట్టుకునే కుక్క కాలెత్తి, నిలువుగా ఉన్న వస్తువుల మీద కొంచెం కొంచెం పోస్తుంది. మీరు చెప్పిన తీరు దానికి సరిపోతుంది. అయితే మూత్రకోశంలో ఇన్ఫెక్షన్, రాళ్ళు, కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ కాని మగ కుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి వాపు ఉన్నా ఇలా మాటిమాటికీ పోస్తాయి. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా జ్వరంలోనూ మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి. మీది సరిగా తింటోందో లేదో రాయలేదు. చూడకుండా ఏ జబ్బో నేను చెప్పలేను. ‘వేడి’ మాత్రం కాదు.

ఇక ఆ సగం మాత్ర. అమ్మా, కుక్కకు డోసు దాని బరువును బట్టి, జబ్బును బట్టి వేస్తాం. చాలీచాలని డోసు మూడు రోజులు వేసి ఆపేస్తే క్రిములు కొన్ని చచ్చి, మొండివి మిగులుతాయి. ఇప్పుడు మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ టెస్ట్ చేసినా ఏమీ లేదని తప్పుగా రావచ్చు. ఆ మాత్ర స్ట్రిప్ పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. వేశామని చెప్పడానికి మొహమాటపడకండి, మేమేమీ కొట్టం. ఇంట్లో ఉన్న డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం దానికి ఒక్కటి కూడా వేయొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మా దగ్గరికి ఆఖరి నిమిషంలో వచ్చే కేసుల్లో ఇలాంటివి తక్కువేం కాదు.

నీళ్ళు ఆపడం ఈరోజే మానేయండి. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, రాళ్ళుంటే ఇంకా ముదురుతాయి. అదీ మన ఊరి ఎండల్లో!

ఉదయం మొదటిసారి పోసే మూత్రం పట్టండి. పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వాకింగ్‌లో అది కాలెత్తగానే పక్కనుంచి కింద పెట్టండి. మొదటి చుక్కలు వదిలేసి పట్టండి. ల్యాబ్‌లో అమ్మే స్టెరైల్ డబ్బాలో పోసి గంటలోపు చేర్చండి, ఊరగాయ సీసాలో వద్దు. కల్చర్‌కు అవసరమైతే డాక్టరే వేరేగా తీస్తారు. దాంతోపాటు రక్త పరీక్ష, పొట్ట స్కానింగ్ రాయవచ్చు. దూరం వెళ్ళక్కర్లేదు, మన తిరుపతిలో 1955 నుంచీ వెటర్నరీ కాలేజీ ఉంది, దాని ఆస్పత్రిలో చూపించవచ్చు. కాలెత్తి ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. మగ కుక్కలకు అంగంలో చిన్న ఎముక ఉంటుంది, రాయి దాని వెనకాలే ఇరుక్కుంటుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది.

రిపోర్టులు బాగుంటే అప్పుడు అలవాటు సంగతి. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, గేటు బయట వీధి కుక్కలు... దానికీ టెన్షన్ ఉంటుంది. కొట్టొద్దు, కొడితే మీరు చూడనప్పుడు పోస్తుంది. ఫినాయిల్ వాసన మనకు సరిపోతుంది గానీ కింద ఉన్న మూత్రం వాసన దానికి తెలుస్తూనే ఉంటుంది. పైగా కుక్క పాదాలు నాక్కుంటుంది, ఫినాయిల్ మంచిది కాదు. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. సోఫా మూల దగ్గరే దాని అన్నం గిన్నె పెట్టి చూడండి, తినే చోట సాధారణంగా పోయదు. గేటు కనిపించే కిటికీకి కర్టెన్ వేయండి. కు.ని. ఆపరేషన్ కాకపోయి ఉంటే దాని గురించి అడగండి. చాలా వాటిలో ఈ గుణం తగ్గుతుంది, అన్నింటిలో కాదు. హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మర్నాటికే ఫలితం ఆశించొద్దని మీ అత్తగారికి కూడా చెప్పండి.

పిల్లలున్నారన్నారు కదా, లెప్టోస్పైరోసిస్ అనే అంటుజబ్బు కుక్క మూత్రం ద్వారా మనుషులకూ వస్తుంది. గ్లౌజులు వేసుకొని తుడవండి. టీకాల పుస్తకం మీ బంధువులను అడిగి తెప్పించండి. లేకపోతే రేబిస్‌తో సహా మళ్ళీ వేయించాల్సి రావచ్చు.

ఇది కుక్కను చూడకుండా ఇచ్చిన సలహా, కాబట్టి మందు పేరు రాయడం లేదు. మళ్ళీ రాస్తే దాని బరువు, రోజుకెన్ని గిన్నెల నీళ్ళు తాగుతోందో రాయండి.