72 కిలోల మనిషికి, రుషికొండ కెరటాలకి ఎంత సప్ (నిలబడి తెడ్డేసే) బోర్డు కావాలి?

మీరు అడిగింది ఇదీ: బరువు 72 కిలోలు, ఆరు నెలలుగా పదిన్నర అడుగుల గాలి నింపే బోర్డు మీద విశాఖ రుషికొండలో సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో నిలబడి తెడ్డేస్తున్నారు, పడకుండా వెనక్కి తిరగ్గలుగుతున్నారు. ఇక కెరటాలు ఎక్కాలని ఉంది. 8 అడుగుల బోర్డు, 95 లీటర్ల ఘనపరిమాణం ఉన్నది, ఎవరో సగం ధరకి ఇస్తానంటున్నారు. కొనెయ్యొచ్చా అని.

వద్దండీ. అచ్చంగా ఇదే తప్పు నేను చేసి, డబ్బులూ ఒక సీజనూ పోగొట్టుకున్నాను.

అప్పట్లో నా బరువు 81. వీడియోల్లో హవాయి కుర్రాళ్ళు ఏడెనిమిది అడుగుల బోర్డు మీద కెరటాన్ని కోసుకుంటూ పోతుంటే చూసి, 8 అడుగుల పొడవు, 29 అంగుళాల వెడల్పు, 105 లీటర్ల బోర్డు తెప్పించుకున్నా. మొదటి రోజు నలభై నిమిషాల్లో ఇరవై మూడు సార్లు పడ్డా. లెక్క నాది కాదు, ఒడ్డున కూర్చుని వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టిన మా తమ్ముడిది. ఎక్కిన కెరటాలు సున్నా. కెరటం మీద నుంచి పడితే అదో సరదా. నేను పడ్డవన్నీ కెరటం కోసం ఎదురుచూస్తూ, ఊరికే నిలబడి పడ్డవి.

ఆ రోజు జోడుగుళ్ళపాలెం వైపు తెప్ప ఒడ్డుకి లాగుతున్న తాత ఒకాయన నా బోర్డు పక్కన కూర్చుని, జాన పెట్టి వెడల్పు కొలిచాడు. "ఏటి బాబూ, ఇంత సన్నపుదాని మీద నిల్సుంటావా? ఇది పరిగెడితేనే తేల్తాది, ఆగితే మునుగుతాది" అన్నాడు. వేళాకోళం అనుకున్నా. నాలుగు నెలల తర్వాత అర్థమైంది, నేను నెట్‌లో చదివిన దానికంటే ఎక్కువ సంగతి ఆ ఒక్క మాటలో ఉందని.

ఆయన చెప్పినదాన్నే అంకెల్లో చూద్దాం. ఒక లీటరు బోర్డు సముద్రపు నీళ్ళలో కిలో పైచిలుకు, అంటే 1.025 కిలోల దాకా మోస్తుంది. మీరు చూసిన 95 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగితే మోయగలిగేది 97 కిలోలు. మీరు 72, బోర్డు ఓ 8, తడిసిన బట్టలూ తెడ్డూ కలిపి ఇంకో 2. మొత్తం 82. అంటే మీరు కదలకుండా నిలబడితే బోర్డులో దాదాపు 85 శాతం నీళ్ళ కిందే ఉంటుంది. ఏ మూల చిన్న అల తగిలినా బోర్డు మీదకి నీళ్ళు ఎక్కుతాయి, అంచు లోపలికి పోతుంది, మీరు కూడా దాంతోపాటే. కెరటం పట్టి వేగం అందుకున్నాక కథ మారిపోతుంది. అప్పుడు కింద నీళ్ళు బోర్డుని పైకి నెడతాయి కాబట్టి చిన్న బోర్డైనా గట్టి నేలలా అనిపిస్తుంది. వీడియోల్లో మనకి చూపించేది ఆ పది సెకన్లే. దాని ముందు పది నిమిషాలు ఎవరూ చూపించరు.

అందుకే నా సలహా ఒక్కటే: కెరటం ఎక్కాక ఎలా తిరుగుతుందో తర్వాత, కెరటం వచ్చేదాకా దాని మీద నిలబడగలరా అన్నది ముందు చూసుకోండి. మన ఊళ్ళో ఇది ఇంకా ముఖ్యం. పొద్దున్నే నేల మీద నుంచి సముద్రం వైపు పలచగా గాలి వీచినంతసేపు నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఎండ ఎక్కి, ఎనిమిదీ తొమ్మిదీ దాటాక గాలి సముద్రం నుంచి తిరుగుతుంది. ఇక నీళ్ళంతా గతుకుల రోడ్డే. మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కెరటాలు వచ్చేదీ, గాలి ఎక్కువగా ఉండేదీ కూడా అప్పుడే. మన కెరటాల మధ్య విరామం కూడా తక్కువ. ఒకటి దాటి ఊపిరి తీసుకునేలోపు రెండోది మొహం మీద ఉంటుంది. పైగా ఒడ్డు వెంబడి ప్రవాహం లాగుతుంటుంది కాబట్టి ఒకచోట నిలబడాలన్నా తెడ్డేస్తూనే ఉండాలి. హవాయిలో సరిపోయే కొలత ఇక్కడ సరిపోదనేది అందుకే. కొన్నాళ్ళు నా కాళ్ళదే లోపమనుకుని ఇంట్లో పీట కింద చపాతీ కర్ర పెట్టి దాని మీద నిలబడి సాధన చేశాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతుంది.

మరి ఎంత తీసుకోవాలి? నేను వాడే లెక్క మోటుగా ఉంటుంది కానీ ఇంతవరకు మోసం చెయ్యలేదు. కెరటాలకి కొత్త అయితే మీ బరువుని 1.8తో గుణించండి, వచ్చినదే లీటర్లు; గాలి రోజుల్లో కూడా వెళ్ళాలనుంటే 2తో. ఏడాది తర్వాత ఒకటిన్నర. అంతకంటే కిందకి పోవడం రోజూ నీళ్ళలో ఉండేవాళ్ళకే. పోటీల్లో దిగేవాళ్ళు తమ బరువుకి ఓ పది, ఇరవై లీటర్లు మించని బోర్డు మీద కూడా నిలబడతారు. వాళ్ళ సంగతి వేరు. మీకు 72 ఇంటూ 1.8 అంటే 130 లీటర్లు. నేనైతే 130 నుంచి 140 మధ్య, తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర అడుగులు, 31 లేక 32 అంగుళాల వెడల్పు చూస్తాను. 130 లీటర్లది అయితే మీరు నిలబడ్డప్పుడు మూడింట రెండొంతుల లోపే మునుగుతుంది. ఆ తేడా మీ మడమలకి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

లీటర్లు ఒక్కటే చూసి కొంటే మాత్రం ఇంకో గోతిలో పడతారు. ఒకే లీటర్లని వెడల్పులోనూ పెట్టొచ్చు, మందంలోనూ పెట్టొచ్చు. పొట్టిగా, సన్నగా, మందంగా చేసి 130 అని రాసిన బోర్డు మీద మీరు నీటికి ఎత్తులో నిలబడతారు, అది పీపాలా దొర్లుతుంది. వెడల్పు ఎక్కడ కొలిచారో కూడా అడగండి. మధ్యలో 32 ఉండి ముక్కూ తోకా సూదిగా ఉన్నవి కొన్ని ఉంటాయి. అలాంటివి పక్కలకి ఆగుతాయి, ముందుకీ వెనక్కీ ఊగుతాయి. తోక కాస్త వెడల్పుగా ఉంటే కెరటం పట్టడానికి వెనక్కి అడుగేసినప్పుడు మిమ్మల్ని ముంచదు.

పొడవు సంగతి మన తీరాన్ని బట్టి తేలాలి. పొడుగు బోర్డు కెరటాన్ని ముందుగా అందుకుంటుంది, అది నిజం. కానీ ఆర్కే బీచ్ వైపు చూడండి, కెరటం ఒడ్డు దగ్గరకొచ్చి గోడలా లేచి ఒక్కసారిగా కూలుతుంది. అలాంటి చోట పదిన్నర అడుగుల చదును బోర్డు దిగాలంటే ముక్కు ముందు నీళ్ళలో గుచ్చుకుంటుంది. (ఆర్కే బీచ్‌లో సప్ ఎక్కడం నేను ఎవరికీ చెప్పను. అక్కడి లాగుడు, ఏటా జరిగే మునకలు మనకి తెలియనివి కావు.) రుషికొండలో నెమ్మదైన రోజు కెరటం కాస్త వాలుగా వస్తుంది కాబట్టి తొమ్మిదిన్నర అడుగులు హాయిగా నడుస్తాయి. ముక్కు కొంచెం పైకి వంపు తిరిగి ఉండేది చూసుకోండి. బోర్డుని నేల మీద పెట్టి పక్క నుంచి చూస్తే ఆ వంపు కళ్ళకే కనిపిస్తుంది.

ఈలోగా మీ గాలి బోర్డు పారెయ్యక్కర్లేదు. మోకాలెత్తు నురగ కెరటాల మీద దాంతోనే మొదలుపెట్టండి. దాని ఇబ్బందులు రెండే: ఆరంగుళాల మందం వల్ల అంచులు గుండ్రంగా ఉండి నీటిని కొరకవు, కాబట్టి కెరటం మీద తిప్పబోతే పక్కకి జారుతుంది. ముక్కు వంపు తక్కువ. ఇంకో మాట, అడుగున మధ్యలో ఉండే తొమ్మిదంగుళాల పెద్ద ఫిన్ (చేప రెక్క లాంటిది) తీసి చిన్నది పెట్టుకోండి. నేను తియ్యకుండా ఇసుక దిబ్బ మీదుగా వచ్చాను. ఫిన్ ఇసుకలో దిగబడి బోర్డు అక్కడే ఆగింది, నేను ఆగలేదు. గడ్డం మీద మచ్చ ఇంకా ఉంది.

తెడ్డు కెరటాలకి పొట్టిగా ఉండాలి. చదును నీళ్ళకి తల మీద ఎనిమిది, పది అంగుళాలు బాగుంటే, కెరటాలకి నాలుగైదు చాలు, ఎందుకంటే మోకాళ్ళు వంచి కిందికి దిగి వేస్తాం. కాలి తాడు (బోర్డుని కాలికి కట్టేది) తిన్నగా ఉండేది, బోర్డు పొడవుకి తగ్గనిది తీసుకోండి. చుట్టలు చుట్టినది నెమ్మది నీళ్ళకే, కెరటాల్లో సాగి బోర్డుని వెనక్కి విసురుతుంది. తొమ్మిదిన్నర అడుగుల బోర్డు, పదడుగుల తాడు కలిపితే ఇరవై అడుగుల దాకా చుట్టూ ఎవరూ ఉండకూడదు. ఆదివారం సాయంత్రం రుషికొండ జనంలో ఆ ఇరవై అడుగులు మీకు దొరకవు. పొద్దున ఆరింటికే వెళ్ళండి, స్నానాలు చేసేవాళ్ళకి బాగా దూరంగా.

ఇక ఎవరూ చెప్పని సంగతి. తొమ్మిదిన్నర అడుగుల గట్టి బోర్డు అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు. నేను నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీద, ప్రతి మలుపులోనూ బోర్డుని నిలువుగా లేపి, కింది ఇంటి వాళ్ళ తులసి కోట కొట్టుకోకుండా దింపేవాణ్ణి. ఆటోలో పెడితే రెండు వైపులా బయటికి పొడుచుకొస్తుంది, బీచ్ రోడ్డులో ఎవరూ ఎక్కించుకోరు. చివరికి ఒడ్డు దగ్గర పరిచయమైన తెప్పలవాళ్ళ పాకలో నెలకింతని ఇచ్చి పెట్టుకున్నా. ఆ నీడ కోసం ఇచ్చిన డబ్బు దండగ కాదు. మే నెల ఎండలో కారు మీదే వదిలేస్తే లోపలి థర్మోకోల్ వేడెక్కి పైపొర బుడగలు లేస్తుంది. గాలి బోర్డైతే 15 పీఎస్ఐ ఒత్తిడికి గాలి నింపి ఎండలో వదలకండి, కొంచెం గాలి తీసెయ్యండి.

కొనే ముందు వీలైతే అరువు తీసుకుని పరీక్షించండి. ఉదయం తొమ్మిది తర్వాత, గాలి మొదలయ్యాక, కెరటాలు విరిగే చోటుకి వెలుపల తెడ్డు వెయ్యకుండా నిమిషం నిలబడండి. కాళ్ళ వైపు చూడకండి, దూరంగా లంగరేసిన ఓడల వైపు చూడండి. తర్వాత ఒక్క అడుగు వెనక్కి వేసి తిప్పండి. పావుగంటలో మూడు నాలుగు సార్లకి మించి పడితే మీకది చిన్నది. అద్దం లాంటి నీళ్ళలో చేస్తే ఈ పరీక్షకి అర్థం లేదు, అక్కడ ఏ బోర్డైనా మంచిదే.

నా పాత 8 అడుగులది నష్టానికి అమ్మేసి 155 లీటర్లది తీసుకున్నా, తొమ్మిదిన్నర అడుగులు, 32 అంగుళాలు. మొదటి వారంలోనే మూడు కెరటాల మీద ఒడ్డు దాకా వచ్చాను. రెండేళ్ళ తర్వాత 125 లీటర్లదానికి దిగాను, ఇప్పుడు రోజూ అదే. పెద్దది ఇంకా పాకలోనే ఉంది. ఈ ఆదివారం రాగలిగితే తీసుకోండి, తొమ్మిదింటి గాలిలో నిలబడి చూడండి. మీకు కావలసినదానికంటే కాస్త ఎక్కువే కానీ, 95కీ దీనికీ తేడా తెలుస్తుంది. తెడ్డు మాత్రం మీది తెచ్చుకోండి, నేను ఆరడుగుల మనిషిని, నాది మీకు పొడవైపోతుందేమో.