మంగళవారం జామ్ పెడుతున్న మేనల్లుడికి

చిన్నా,

షికాగో సౌత్ సైడ్‌లో ప్రతి మంగళవారం జాజ్ జామ్, అదే ఎవరైనా వచ్చి స్టేజీ ఎక్కి కలిసి వాయించే కచేరీ, పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషించానో అంత బెంగ పట్టుకుంది. టెనర్ శాక్స్ వాయించడం నీకు వచ్చు, కానీ పదిమందినీ ఒక గదికి మళ్ళీ మళ్ళీ రప్పించడం వేరే విద్య.

వారం, వేళ, చోటు మార్చకు. న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ జాజ్ క్లబ్బులో 1966 ఫిబ్రవరిలో ఒక సోమవారం మొదలైన బిగ్ బ్యాండ్ ఇప్పటికీ సోమవారాలే వాయిస్తోంది. పాటల హక్కులు చూసే ఆస్కాప్, బీఎమ్‌ఐ సంస్థల లైసెన్సులు బార్ యజమాని దగ్గర ఉన్నాయో లేదో కాగితం చూసి నమ్ము. డ్రమ్స్ కింద మందపాటి తివాచీ వెయ్యి, లేకపోతే బేస్ డ్రమ్ జారుతూ ముందుకొస్తుంది.

పియానో సంగతి చెప్పాలి. మీ ఊళ్ళో చలికాలం హీటర్ వేస్తే గదిలో గాలి పొడిబారుతుంది, సౌండ్‌బోర్డు చెక్క కుంచించుకుపోతుంది, శ్రుతి దిగిపోతుంది. అందుకే హీటర్లు వెయ్యకముందు ట్యూన్ చేయించి డబ్బు పారేసుకోకు. వేసిన రెండు మూడు వారాలకు ట్యూనర్‌ని పిలిచి ఏ స్వరం 440 హెర్ట్జ్‌కి పెట్టించు. రేడియేటర్ పక్కన మాత్రం పియానో ఉంచనివ్వకు.

డబ్బు విషయంలో నాకు భయం. పియానో, బాస్, డ్రమ్స్ ముగ్గురికీ రాత్రికి ఇంత అని ముందే రాసి పంపు. గేటు వసూలు ఎంతైనా, మంచు పడి ఎవరూ రాకపోయినా, ఆ మొత్తం వాళ్ళ చేతికి అందాలి. 13 వారాలకు సరిపడా డబ్బు పక్కన లేకపోతే నెలకోసారే పెట్టు. క్రెడిట్ కార్డు గీకి మాత్రం నడపకు నాయనా. ఈ వాక్యం ఇంకోసారి చదువు.

ఇక అసలు తప్పు. కొత్తగా జామ్ పెట్టిన వాళ్ళందరూ ఇక్కడే బోర్లా పడతారు. స్టేజీ అందరిదీ అని వదిలేస్తారు. లెక్క వేసి చూడు. ఎఫ్ కీలో బ్లూస్ పాట ఒక చుట్టు అంటే 12 బార్లు, బారుకి నాలుగు బీట్లు. ఆ చుట్టునే కోరస్ అంటారు, నిమిషానికి 160 బీట్లలో ఒక కోరస్‌కి 18 సెకన్లు. ఆరుగురు హార్న్ వాళ్ళు, అంటే శాక్స్, ట్రంపెట్ లాంటివి ఊదేవాళ్ళు, వరసగా నిలబడి తలా ఎనిమిది కోరస్‌లు వాయిస్తే వాళ్ళకే 14 నిమిషాలు దాటుతుంది. ఆపైన పియానో, బాస్ సోలోలు, డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం కలిస్తే ఒక్క పాటే 20 నిమిషాలు. మూడో హార్న్ దగ్గరే డ్రమ్మర్ చెయ్యి బరువెక్కుతుంది. ఆరోవాడు వాయించేసరికి వెనక బల్లల వాళ్ళు కోట్లు వేసుకుంటారు. గోడవార కేసు ఒళ్ళో పెట్టుకుని తొమ్మిదింటి నుంచి కూర్చున్న హైస్కూలు పిల్లకి పన్నెండైనా పిలుపు రాదు. ఆ పిల్ల మళ్ళీ రాదు, తనతో వచ్చిన అమ్మానాన్నలూ రారు. ఎవరి కోసమైతే ఈ జామ్ పెట్టావో వాళ్ళే అలా పోతారు.

అందుకని తలుపు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టు. పేరు, వాయిద్యం, ఏ పాట, ఏ కీ (శ్రుతి), నాలుగే గడులు. కీ కాన్సర్ట్‌లో, అంటే పియానో లెక్కలో, రాయించు. టెనర్ వాడు జి అంటే పియానోకి అది ఎఫ్, సగం గందరగోళం అక్కడే పుడుతుంది. ఒక పాటకి ఇద్దరు హార్న్‌లకు మించొద్దు, తలా మూడు కోరస్‌లు, రెండు పాటలు, దిగడం. కొత్తవాళ్ళందరినీ ఒకే గుంపుగా పంపకు. కొత్త డ్రమ్మర్ వస్తే బాస్ మీద నీ మనిషే ఉండాలి. పాడేవాళ్ళుంటే పియానోకి, బాస్‌కి చెరో చార్టు, అంటే పాట రాసిన కాగితం, తెమ్మను. పది దాటేలోగా చిన్నపిల్లలని పిలిచెయ్.

మీ 75వ వీధిలోనే, న్యూ అపార్ట్‌మెంట్ లాంజ్‌లో, టెనర్ శాక్స్ వాయించే వాన్ ఫ్రీమన్ గారు ఏళ్ళ తరబడి మంగళవారాలు నడిపారు. మొదటి సెట్ తను వాయించి తర్వాత స్టేజీ కుర్రాళ్ళకి ఇచ్చేవారు. నువ్వూ మొదటి 45 నిమిషాలు నీ బ్యాండుతో గట్టిగా వాయించు. రాత్రి ఎలా ఉండాలో వచ్చినవాళ్ళకి అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత శాక్స్ కేసులో పెట్టి, నోటుబుక్కు పట్టుకుని గదిలో తిరుగు. వాయించాలని నీకు చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. ఓర్చుకో.

మూసేటప్పుడు బాస్ మోసేవాళ్ళని కారు దాకా దిగబెట్టు. నువ్వు ఇల్లు చేరగానే, ఎంత రాత్రైనా సరే, అమ్మకో మెసేజ్ పెట్టు. ట్యూనర్ డబ్బు ఈ శుక్రవారం నేను పంపుతున్నాను, వద్దనకు.

మావయ్య