టి విలువలను తీసివేయకూడదు

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. రెండు భాషల పదాలు చదివించి తీసిన ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనితీరును చూపే) స్కాన్ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. రిగ్రెషన్‌లో ప్రతి వోక్సెల్‌కూ (స్కాన్‌లోని చిన్న ఘనానికీ) తెలుగుకో బీటా, ఒడియాకో బీటా (ఆ భాషకు అక్కడ ఎంత స్పందన ఉందో చెప్పే అంకె) వచ్చాయి. వీటి నుంచి టి విలువ ఎలా కట్టాలండీ? తెలుగు టి లోంచి ఒడియా టి తీసేస్తే తేడా తెలుస్తుందా?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: తెలియదమ్మా, అలా తీసేయకండి. అసలు బీటా ఒక్కటే చేతిలో ఉంటే టి రాదు. బీటాను దాని ప్రామాణిక దోషంతో (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతతో) భాగిస్తేనే టి. ఆ దోషానికి రెండు ముక్కలు కావాలి. మొదటిది శేష వేరియన్స్: మోడల్‌కు అందక మిగిలిన శేషాల వర్గాల మొత్తాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో (కొలతల సంఖ్యలోంచి మోడల్ నిలువు వరసల సంఖ్య తీసేస్తే మిగిలేదానితో) భాగించాలి. స్కాన్‌లో 200 వాల్యూములు (వరసగా తీసిన మెదడు మొత్తం చిత్రాలు), మోడల్‌లో రెండు భాషలు, తల కదలికకు 6, స్థిరాంకం 1, మొత్తం 9 నిలువు వరసలు ఉంటే అవి 191. రెండోది డిజైన్ మ్యాట్రిక్స్‌ను (ఆ నిలువు వరసల పట్టికను) దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించి తీసిన విలోమం.

అంకెల్లో చూడండి. తెలుగు బీటా 1.8, ఒడియా బీటా 1.2, శేష వేరియన్స్ 4, విలోమంలో రెండింటి కర్ణపు గడులూ 0.04 అనుకుందాం. 4 ను 0.04 తో గుణిస్తే 0.16, దాని వర్గమూలం 0.4. తెలుగు టి 4.5, ఒడియా టి 3. తీసేస్తే 1.5. ఇది తప్పు. రెండు బీటాలూ ఒకే డేటా నుంచి వచ్చాయి కాబట్టి వాటి సహవేరియన్స్ కూడా లెక్కలోకి రావాలి. విలోమంలో తెలుగు, ఒడియా కలిసే గడిలో 0.03 ఉంటే, దాన్ని రెండింతలు చేసి తీసేయాలి: 0.04 + 0.04 – 0.06 = 0.02, 4 తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 0.283. బీటాల తేడా 0.6 ను దాంతో భాగిస్తే 2.12.

స్కాన్ల విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎంలో శేష వేరియన్స్ ‘రెస్‌ఎంఎస్’ ఫైల్లో దొరుకుతుంది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎస్‌ఎల్‌లో అయితే కోప్‌ను (బీటా లేదా బీటాల తేడా) వార్‌కోప్ (దాని వేరియన్స్) వర్గమూలంతో భాగిస్తే సరి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆటోకోరిలేషన్ దగ్గర. పక్కపక్క వాల్యూముల శేషాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ప్రీవైటెనింగ్ (ఆ పోలికను ముందే తొలగించడం) చేయకుండా లెక్కిస్తే దోషం ఉన్నదానికన్నా చిన్నగా కనిపించి, టి ఊరికే ఉబ్బుతుంది. మెదడు బయటి వోక్సెల్స్‌లో శేషం సున్నా అయితే భాగహారం చెడుతుంది, అందుకే మెదడు లోపలి వోక్సెల్స్‌నే ఉంచే మాస్క్ తప్పనిసరి.

గ్రూప్ విశ్లేషణకు మనిషి మనిషి టి కాదు, బీటాల తేడానే తీసుకెళ్ళండి. 20 మంది ఉంటే, మామూలు ఒక-నమూనా టి పరీక్షలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 19, 191 కాదు.