డాక్టరు గారికి ఉత్తరాలు: ముందు చర్మం బిగుతుగా ఉంటే

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారాలు. నా వయసు 28. రైసు మిల్లులో సూపర్‌వైజరుగా చేస్తున్నాను. వచ్చే మాఘంలో పెళ్ళి ముహూర్తం పెట్టారు. చిన్నప్పటి నుంచీ నాకు అంగం ముందు చర్మం పూర్తిగా వెనక్కి రాదు. మామూలుగా ఉన్నప్పుడు సగం వరకు వస్తుంది, గట్టిపడితే అసలు కదలదు. బలవంతంగా లాగితే అంచు చిట్లి రక్తం వస్తుంది. తర్వాత రెండు రోజులు మూత్రం పోస్తుంటే మంట. లోపల తెల్లగా పిండిలాంటిది చేరి వాసన వస్తుంది. డెట్టాల్ నీళ్ళతో కడుగుతున్నాను. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. రాసినన్నాళ్ళూ తగ్గుతుంది, ఆపగానే మళ్ళీ మామూలే. కుర్రతనంలో ఉన్న అలవాటు వల్ల ఇలా అయిందా? ఫోన్లో చూస్తే లేజరుతో అరగంటలో ఇంటికి పంపిస్తామంటున్నారు. సున్తీ అంటే ఇంట్లో ఏమంటారో అని భయం. అసలు నేను పెళ్ళికి పనికొస్తానా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆఖరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. నిక్షేపంగా పనికొస్తారు. ఇది చర్మానికి సంబంధించిన చిక్కు. మగతనానికీ వీర్యానికీ దీంతో పని లేదు. ఇక ఆ అలవాటంటారా, అది లేదని చెప్పినవాళ్ళు నా ఓపీకి కొందరు వచ్చారు గానీ నేను నమ్మలేదు. దాని వల్ల చర్మం బిగుసుకుపోదు.

మగపిల్లలు పుట్టినప్పుడు ముందు చర్మం మొనకు అతుక్కునే ఉంటుంది. పెరిగేకొద్దీ దానంతటదే విడుతుంది. డెన్మార్కులో యాకోబ్ ఓస్టర్ అనే డాక్టరు బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి పరీక్షించి 1968లో లెక్క రాశారు. ఆరేడేళ్ళ పిల్లల్లో నూటికి ఎనిమిది మందికి చర్మం బిగుతుగా ఉంటే, పదహారు పదిహేడేళ్ళకు వచ్చేసరికి నూటికి ఒక్కరికే మిగిలింది. ఆ ఒక్కరు మీరు. నూటికొకరంటే మీ ఊళ్ళోనే బోలెడంతమంది ఉంటారు. ఎవరూ ఎవరితోనూ అనరు కాబట్టి ఎవరికి వారు తనకొక్కడికే అనుకుంటారు. ఓపీలో కూడా అంతే. కడుపులో మంటనో నడుం నొప్పనో చెబుతూ కూర్చుంటారు. సిస్టరమ్మ గదిలోంచి బయటికి వెళ్ళాక గానీ అసలు మాట బయటికి రాదు.

మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. పగటి వెలుతురులో, నొప్పి లేనంతవరకే చర్మాన్ని వెనక్కి జరిపి, బిగుతుగా ఉన్న ఆ ఉంగరం లాంటి అంచును చూడండి. రంగు మామూలుగా ఉండి, ముట్టుకుంటే మెత్తగా, సాగేట్టుగా ఉంటే అది మందుతో లొంగే రకం. అలా కాకుండా తెల్లగా పాలిపోయి, మెరుస్తూ, కాలిన మచ్చలా గట్టిపడి ఉంటే అది వేరే జబ్బు. లైకెన్ స్క్లెరోసస్ అంటాం. దానికి ఎక్కువ పవరున్న మందు కావాలి, చాలామందికి ఆపరేషనూ కావాలి. కొద్దిమందిలో ఏళ్ళు గడిచాక క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉంది కాబట్టి దాన్ని డాక్టరు అప్పుడప్పుడూ చూస్తుండాలి. మూడోది, కొందరికి చర్మం బాగానే వస్తుంది గానీ మొన కింద వైపు ఉండే సన్నటి మడత పొట్టిగా ఉండి, కలయికలో అక్కడే తెగి రక్తం వస్తుంది. దానికి చిన్న కోత చాలు. మీరు రాసిన తీరు చూస్తే మొదటి రకంలా ఉంది. కానీ పదే పదే చిట్లి మానిన చోట మచ్చ కట్టి బిగుతు పెరుగుతుంది. అందుకని ఇవాళ్టి నుంచీ బలవంతంగా లాగడం మానేయండి.

లోపల చేరే ఆ తెల్లటి పదార్థం రాలిన చర్మ కణాలూ, కాస్త జిడ్డూ. సుఖరోగం కాదు, ధాతువు పోవడమూ కాదు. రోజూ కడగకపోతే పేరుకుని వాసన వేస్తుంది, అంతే. డెట్టాల్ మాత్రం ఆపేయండి. గచ్చు తుడిచే మందును ఆ పల్చటి చర్మం మీద పోస్తే మంట రాక ఏమవుతుంది? ఆ మంటకే మళ్ళీ ఎర్రబడుతుంది, వాస్తుంది, అది చూసి ఇన్ఫెక్షనని ఇంకాస్త డెట్టాల్ కలుపుతారు. సెంటు సబ్బులదీ అదే తంతు. స్నానంలో గోరువెచ్చటి నీళ్ళతో, చర్మం ఎంతవరకు వస్తే అంతవరకే జరిపి, వేలితో సుతారంగా కడగండి. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. తడి ఆరాక చర్మాన్ని మళ్ళీ ముందుకు తెచ్చేయండి. ఇది ఎప్పుడూ మరవకూడదు. ఎందుకో చెబుతాను.

బిగుతుగా ఉన్న చర్మం ఒకసారి మొన దాటి వెనక్కి పోయి అక్కడే చిక్కుకుంటే, ముందు భాగం ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ ఇంకా బిగుస్తుంది. పారాఫైమోసిస్ అంటారు. ఇది గంటల మీద నడిచే వ్యవహారం, వదిలేస్తే మొనకు రక్తం అందదు. అలా అయితే మొనను అరచేత్తో పట్టి కొన్ని నిమిషాల పాటు గట్టిగా, నిలకడగా నొక్కి ఉంచండి. వాపు కొంత దిగుతుంది. అప్పుడు బొటనవేళ్ళతో మొనను లోపలికి తోస్తూ, మిగతా వేళ్ళతో చర్మాన్ని ముందుకు లాగండి. రాకపోతే సిగ్గు పక్కనబెట్టి, అర్ధరాత్రయినా సరే, క్యాజువాలిటీకి వెళ్ళిపోండి. పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు.

మీకిచ్చిన ట్యూబ్ పేరు రాయలేదు. మన మెడికల్ షాపుల్లో 'దురదకి' అని అడిగితే ఇచ్చేవి ఎక్కువగా స్టెరాయిడూ, ఫంగస్ మందూ, యాంటీబయాటిక్కూ ఒకే ట్యూబులో కలిపినవి. తమాషా ఏమిటంటే, మీ బిగుతుకు నేను రాయబోయేదీ స్టెరాయిడే. తేడా అంతా ఏ స్టెరాయిడు, ఎక్కడ, ఎన్ని వారాలు అన్న దగ్గరే ఉంది. అడుగున ఫంగస్ ఉంటే స్టెరాయిడు దాన్ని దాచిపెట్టి పెంచుతుంది. పవరు ఎక్కువున్న క్రీము తోచినన్నాళ్ళు రాస్తే చర్మం పల్చబడి ఇంకా తేలిగ్గా చిట్లుతుంది. చీటీ లేకుండా ఇవ్వకూడదని 2018లోనే స్టెరాయిడు క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. కౌంటరు దగ్గర దాన్ని పట్టించుకునేదెవరు!

సరైన పద్ధతి ఇదీ. బీటామెథసోన్ ఆయింట్‌మెంట్, 0.05 లేదా 0.1 శాతంది, డాక్టరు పరీక్షించి రాసిచ్చాక, బిగుతుగా ఉన్న అంచు మీద మాత్రమే పల్చగా, రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు. వేడినీళ్ళ స్నానం అయ్యాక చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపి, సాగుతున్నట్టు తెలిసేదాకా ఉంచి, ముందుకు వదలాలి. నొప్పి పుట్టిందంటే హద్దు దాటారన్నమాట. చిట్లితే రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. మెత్తటి రకం బిగుతు చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది. మందు ఆపినా స్నానంలో జరిపి కడగడం ఆపకూడదు, ఆపితే కొందరికి మళ్ళీ బిగుస్తుంది.

ఉత్తరం మీద తేదీ చూస్తే మనమింకా భాద్రపదంలో ఉన్నాం. మాఘానికి బోలెడంత టైముంది. ఈ వారమే యూరాలజిస్టుకో, జనరల్ సర్జనుకో చూపించుకోండి. సున్తీ ఆపరేషన్ ప్రభుత్వ జిల్లా ఆస్పత్రుల్లోనూ చేస్తారు. మందు పనిచేయకపోతే దసరా వెళ్ళాక ఆపరేషన్ పెట్టుకోవచ్చు. అక్కడికక్కడ మత్తు సూది ఇచ్చి చేస్తారు, ఆ రోజే ఇంటికొస్తారు. కత్తితో కోసినా, లేజరుతో కోసినా, స్టేప్లర్ వాడినా పుండు మానడానికి మీ ఒళ్ళు తీసుకునే టైము రెండు మూడు వారాలు. ప్రకటనలో అరగంట అన్నది బల్లమీద పడుకున్న సేపు. కలయికకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి కాబట్టి పెళ్ళి పనులు మొదలయ్యాక మాత్రం పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో ప్యాంటు కంటే లుంగీ సుఖం. చర్మమంతా తీయించుకోవడం ఇష్టం లేకపోతే, బిగుతున్న చోట గాటు పెట్టి వెడల్పు చేసే పద్ధతి ఉంది. లైకెన్ ఉన్నవాళ్ళకు మాత్రం అది నప్పదు.

సున్తీ అనగానే మతం గుర్తొస్తుంది మనవాళ్ళకి. నా దగ్గరకు తిరుపతి మొక్కు గుండుతో వచ్చి చేయించుకుని వెళ్ళినవాళ్ళున్నారు. కేసు షీటులో 'ఫైమోసిస్ (చర్మం బిగుతు), సర్కమ్‌సిషన్ (సున్తీ)' అని రాస్తాం. ఇంట్లో చిన్న ఆపరేషన్ అని చెబితే చాలు, వివరం అడిగేవాళ్ళు తక్కువ. పెళ్ళాడబోయే అమ్మాయికి చెబుతారా లేదా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే చెప్పమంటాను. ఒక చిన్న సంగతి, కండోమ్ వాడేటట్టయితే కొబ్బరినూనె రాయొద్దు, రబ్బరు చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్లీ అడగండి.

ప్రశ్న: నా వయసు 54. బస్సు డ్రైవరుని. తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. ఈ మధ్య మాత్రలు మార్చారు. అప్పటి నుంచి అంగం చివర దురద, ఎర్రగా అవడం, చర్మం అంచున నిలువుగా పగుళ్ళు. ఇంతకుముందు బాగానే వెనక్కి వచ్చే చర్మం ఇప్పుడు రావడం లేదు. మా ఇంటామెకు కూడా దురద మొదలైంది. నేనేదో తప్పు పని చేశానని అనుమానపడుతోంది. ఈ వయసులో నాకీ పరువు తక్కువ ఏంటి డాక్టర్?
– పేరు వద్దు, జడ్చర్ల

జవాబు: ఈ పేజీ చింపి మీ ఇంటామె చేతికివ్వండి. అమ్మా, మీ ఆయన రాసిన లక్షణాలకు చాలామటుకు కారణం షుగరే. ఇంకో చోటికి వెళ్ళకపోయినా వస్తుంది.

నడి వయసులో, బాగున్న చర్మం కొత్తగా బిగుసుకుంటే మేం మొదట అడిగేది షుగరు గురించే. షుగరు ఉందని తెలియనివాళ్ళకు ఈ పగుళ్ళతోనే బయటపడటమూ మామూలే. మీకు మార్చిన మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ అయి ఉండొచ్చు, అట్ట మీద చూడండి. 2020 అక్టోబరులో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు తీరాక మన దగ్గర చాలా కంపెనీలు చౌకగా తెచ్చాయి, వాడకం బాగా పెరిగింది. మంచి మందే. గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తుంది. అది పనిచేసే తీరే ఒంట్లో చక్కెరను మూత్రంలోకి వదిలేయడం. ఆ తీపి మూత్రం చుక్క చర్మం కింద మిగిలితే ఫంగస్‌కు పండగ.

మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. రాసిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. కొనసాగించాలా, మార్చాలా అన్నది ఆయన చూస్తారు. మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. ఫంగస్ అని తేలితే క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు, రెండు వారాలు రాస్తే సాధారణంగా తగ్గుతుంది. ఇంటామెకూ దురద ఉంది కాబట్టి ఆమె కూడా చూపించుకోవాలి, లేకపోతే మీలో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. డ్యూటీలో బస్టాండు దగ్గర ఒంటికి వెళ్ళినప్పుడల్లా బాటిల్లో నీళ్ళు కాసిని పోసి కడిగి, రుమాలుతో అద్దుకోండి. ఇంజను వేడి పక్కన గంటలకొద్దీ కూర్చునేవారికి నైలాన్ డ్రాయరు పనికిరాదు, నూలుదే వేసుకోండి.

పుండు మానిన తర్వాత కూడా చర్మం వదులవకపోతే సున్తీ మాట ఆలోచించాలి. అప్పుడు ఈ మాత్ర వాడుతున్నట్టు సర్జనుకు తప్పకుండా చెప్పండి. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు.

ఇక జాగ్రత్తపడాల్సినవి. అంగానికీ మలద్వారానికీ మధ్య, లేదా వృషణాల దగ్గర నొప్పి, ఎరుపు, వాపు, దాంతోపాటు జ్వరం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. అరుదే గానీ ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్ అది. బిగుసుకున్న చర్మం కింద చేతికి గట్టిగా గడ్డ తగిలినా, మానని పుండున్నా, రక్తంతో కలిసి చీము వచ్చినా క్రీములతో కాలక్షేపం చేయొద్దు. చర్మం తెరిచి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. వెనక్కి రాని చర్మం కింద పెరిగే క్యాన్సరు కంటికి కనబడదు, అందుకే ఆలస్యంగా వస్తుంటారు.

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్ళు. పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు, మూత్రానికి గొట్టం వేశారు. ముందు చర్మం వెనక్కి జరిపి రోజూ కడగమని నర్సు చెప్పింది. కన్నతండ్రి కదా, చేతులు రావడం లేదు. పైపైన తుడిస్తే చాలదా?
– ఒక కొడుకు, పాలకొల్లు

జవాబు: చాలదు బాబూ. చర్మం కింద చేరిన మురికి గొట్టం పక్క నుంచి లోపలికి వెళ్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. మీ మొహమాటం నాకు అర్థమైంది. నాన్నగారికీ అంతే ఇబ్బందిగా ఉంటుంది. నడుం మీద తువ్వాలు కప్పి, 'నాన్నా, కడుగుతున్నాను' అని ముందు చెప్పి, చేతులు కడుక్కుని గ్లౌజు వేసుకుని, వేరే మాటలు మాట్లాడుతూ చేసేయండి. రెండు మూడు రోజుల్లో ఇద్దరికీ అలవాటైపోతుంది.

చర్మం సులువుగా ఎంత వస్తే అంతే జరపండి. నీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో మొన దగ్గర నుంచి గొట్టం వెంబడి బయటికి తుడవండి, బయట నుంచి లోపలికి వద్దు. అయ్యాక చర్మాన్ని ముందుకు తెచ్చి దుప్పటి కప్పండి. పైన తణుకు అబ్బాయికి చెప్పిన పారాఫైమోసిస్ ముసలివాళ్ళలో ఎక్కువగా గొట్టం వేసినప్పుడో, కడిగినప్పుడో చర్మాన్ని వెనకే వదిలేయడం వల్ల వస్తుంది. పక్షవాతం మనిషి నొప్పి ఉన్నా చెప్పలేకపోవచ్చు. అందుకని గొట్టం మార్చిన రోజున, నర్సు వెళ్ళిపోకముందే ఒకసారి దుప్పటి తీసి చర్మం ముందుకొచ్చిందో లేదో మీరే చూడండి. మూత్రం సంచి ఎప్పుడూ మంచం ఎత్తు కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు.